రెండు కోర్లా, నాలుగు కోర్లా?

ఆటల కోసం కంప్యూటరు కొనదలచినవారికి 2008వ సంవత్సరంలో ఒక ధర్మసందేహం ఎదురైంది. ఆ ఏడాది జనవరిలో ఇంటెల్ సంస్థ కోర్ 2 డ్యుయో ఈ8400 అనే ప్రాసెసరును విపణిలోకి తెచ్చింది. దానిలో ఉన్నవి రెండే కోర్లు. ఒక్కొక్కదాని వేగం 3 గిగాహెర్ట్జ్. అంతకు ఏడాది ముందు, 2007 జనవరిలో, అదే సంస్థ కోర్ 2 క్వాడ్ క్యూ6600 ను విడుదల చేసి ఉంది. దానిలో కోర్లు నాలుగు; వేగం మాత్రం 2.4 గిగాహెర్ట్జ్. అప్పటి టోకు ధరలలో మొదటిది 183 డాలర్లు, రెండవది 266 డాలర్లు. ఆ తేడా ఆనాటి మారకపు విలువలో మూడు వేల రూపాయల పైమాటే. మధ్యతరగతి కుటుంబంలో కంప్యూటరు ఏటేటా మార్చుకొనే వస్తువు కాదు. ఒకసారి కొంటే అయిదారేళ్ళు దానితోనే నెట్టుకురావాలి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దుకాణం దుకాణం తిరిగే తండ్రికి గాని, అతని వెంట నడిచే కొడుకుకు గాని, రెండుకన్న నాలుగు పెద్దదన్న ఒక్క లెక్క సరిపోతుందా?

కోర్ అనగా ప్రాసెసరులో ఆదేశాలను ఒకదాని తరువాత ఒకటిగా నెరవేర్చే భాగం. 3 గిగాహెర్ట్జ్ అంటే అది సెకనుకు 300 కోట్ల స్పందనలతో పనిచేస్తుందని అర్థం. చాలాకాలం వరకు ప్రాసెసరుకు ఒకే కోర్ ఉండేది. ఈ స్పందనల సంఖ్యను పెంచడమే ప్రగతిగా ఉండేది. వేగాన్ని పెంచాలంటే వోల్టేజిని పెంచాలి. వోల్టేజి పెరిగిన కొద్దీ వేడి అంతకు మించి పెరుగుతుంది. పెంటియమ్ 4 ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. 4 గిగాహెర్ట్జ్ నమూనాను తెచ్చే యత్నాన్ని ఇంటెల్ 2004లో విరమించుకొన్నది. ఒక్క కోర్‌ను ఇంకా పరుగెత్తించలేక, 2005లో ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు రెండూ ఒకే ప్రాసెసరులో రెండేసి కోర్లను అమర్చడం మొదలుపెట్టాయి. కాబట్టి కోర్ల సంఖ్య పెరగడం వేడిమితో చేసుకొన్న రాజీ ఫలితమే.

ఒకే కోర్ ఉన్న కంప్యూటరు అనేక పనులను ఒకేసారి చేస్తున్నట్లు కనిపించడం తెలుగువారికి వింత కాదు. అష్టావధాని ఒక్కడే, పృచ్ఛకులు ఎనిమిది మంది. ఆయన ఒకరి సమస్యకు ఒక పాదం చెప్పి, వేరొకరి దత్తపదికి మరల, నడుమ గంటల లెక్కను మనస్సులో నిలుపుకొంటాడు. ఎనిమిదింటినీ ఒకే క్షణంలో చేయడు, వంతులవారీగా చేస్తాడు. జంటగా శతావధానాలు నిర్వహించిన తిరుపతి వేంకట కవులను తలచుకొంటే రెండు కోర్ల ప్రాసెసరు స్ఫురిస్తుంది. అయితే కవులు ఎందరున్నా వారి మధ్య పని పంపిణీకి లొంగుతుందా అన్నది వేరే విషయం.

ఒక ఉత్పలమాల పద్యాన్ని పాదానికి ఒకరు చొప్పున నలుగురు కవులకు పంచితే అది నాలుగో వంతు కాలంలో పూర్తికాదు. మొదటి పాదంలో రెండవ అక్షరం తేలితే తప్ప మిగిలిన ముగ్గురికి ప్రాస తెలియదు. ముందు పాదంలో మాట ఎక్కడ ఆగిందో తెలిస్తే తప్ప అన్వయం కుదరదు. ముగ్గురు గంటం పట్టుకొని ఎదురుచూడవలసిందే. అదే నాలుగు వేర్వేరు పద్యాలు చెప్పమంటే నలుగురూ ఒకేసారి ముగిస్తారు. కంప్యూటరు ఆటలలో ఈ రెండు రకాల పనులూ కలగలిసి ఉంటాయి.

తెరపై కదలిక సాఫీగా సాగాలంటే సెకనుకు 60 చిత్రాలు సిద్ధం కావాలి. ఒక్కొక్క చిత్రానికి దక్కే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. ఆ లోపల ఆటగాడు నొక్కిన మీటను గ్రహించాలి. ప్రత్యర్థి పాత్రలు ఏమి చేయాలో నిర్ణయించాలి. ఏ వస్తువు దేనిని తాకిందో లెక్కించాలి. ధ్వనిని సిద్ధం చేయాలి. చివరకు ఏది ఎక్కడ గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు ఆదేశాలివ్వాలి. ధ్వనిని, దూరంగా ఉన్న పాత్రల నడకను వేరొక కోర్‌కు అప్పగించవచ్చు. కాని మీట నొక్కడం, పాత్ర కదలడం, తాకిడి తేలడం, చిత్రం గీయడం ఒకదానిపై ఒకటి ఆధారపడిన పద్యపాదాల వంటివి. పైగా ఆ కాలపు గేములలో గ్రాఫిక్స్ కార్డుకు ఆదేశాలు దాదాపుగా ఒకే కోర్ నుండి వెళ్ళేవి.

పంపిణీకి లొంగని భాగమే మొత్తం వేగానికి హద్దు గీస్తుందని జీన్ ఆమ్డాల్ 1967లోనే సూత్రీకరించాడు. దానిని పై రెండు ప్రాసెసర్లకు అన్వయించి చూడవచ్చు. రెండింటిలో ఒక్కొక్క కోర్ ఒక్కొక్క స్పందనకు చేసే పని సమానమనీ, ఒక చిత్రానికి 6 కోట్ల స్పందనల పని ఉన్నదనీ, అందులో సగమే పంపిణీకి లొంగుతుందనీ అనుకొందాం. ఈ8400 లో లొంగని 3 కోట్లకు, రెండు భాగాలైన 1.5 కోట్లు కలిసి 4.5 కోట్ల స్పందనలు; పట్టే కాలం 15 మిల్లీసెకన్లు. క్యూ6600 లో 3 కోట్లు, 0.75 కోటి కలిసి 3.75 కోట్లు, కాని దాని వేగం తక్కువ కావున పట్టే కాలం 15.6 మిల్లీసెకన్లు. రెండు కోర్లదే పైచేయి! అదే పనిలో నూటికి 80 పాళ్ళు పంపిణీకి లొంగితే ఈ8400 కు 12 మిల్లీసెకన్లు, క్యూ6600 కు 10 మిల్లీసెకన్లు పడతాయి. తూకం సరిసమానమయ్యేది నూటికి 57 పాళ్ళ దగ్గర.

2008 ఆరంభంలో లభించిన గేములలో అధికభాగం ఈ గీతకు దిగువనే ఉండేవి. 2007 నవంబరులో వచ్చిన క్రైసిస్ వంటి మహాభారమైన గేములో సైతం భారమంతా గ్రాఫిక్స్ కార్డుపైనే పడేది. ఆ మూడు వేల రూపాయలను మెరుగైన గ్రాఫిక్స్ కార్డుకు వెచ్చించమన్న సలహా ఆనాటికి సహేతుకమే. విద్యుత్తు సంగతి కూడా ఉంది. ఈ8400 కు నిర్దేశించిన ఉష్ణశక్తి పరిమితి 65 వాట్లు. తొలినాటి క్యూ6600 కు 105 వాట్లు. కొందరు సాహసికులు బస్ వేగాన్ని 266 నుండి 333 మెగాహెర్ట్జ్‌కు పెంచి క్యూ6600 ను కూడా 3 గిగాహెర్ట్జ్‌తో నడిపేవారు. పెద్ద ఫ్యాను, మంచి పవర్ సప్లై ఉంటే అది సాధ్యమే గాని, మే నెల మధ్యాహ్నం తెలుగునాట ఏ.సి. లేని గదిలో చేయదగిన ప్రయోగం కాదు.

ఆ సలహా ఎంతకాలం నిలిచింది? 2008 డిసెంబరులో కంప్యూటర్లకు వచ్చిన గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4 లో ఒక మహానగరమే కదలాడుతుంది. దాని నిర్మాతలు కనిష్ఠ అర్హతగా రెండు కోర్ల ప్రాసెసరును పేర్కొన్నా, సిఫారసు చేసింది 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2 క్వాడ్‌నే. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాలలో ఎనిమిదేసి కోర్లున్నాయి. వాటి వేగం 2 గిగాహెర్ట్జ్‌ను కూడా దాటదు. అట్టి యంత్రాలకు గేములు వ్రాసేవారు పనిని ముక్కలు చేయక తప్పలేదు. 2014లో వెలువడిన ఫార్ క్రై 4 విడుదలైన నాటికి, ఏకకాలంలో రెండు థ్రెడ్లను మాత్రమే నడపగల ప్రాసెసర్లపై నల్లని తెర తప్ప మరేమీ చూపలేదు. ఏటా యంత్రాన్ని మార్చగలవారికి ఈ8400 సరైన ఎంపిక. ఆరేళ్ళపాటు ఒకే యంత్రంతో గడపవలసిన ఇంటికి క్యూ6600 మేలు. దుకాణదారు చూపించే పరీక్షా ఫలితాలలో ఈ రెండవ సంగతి ఉండదు, ఎందుకంటే అవి ఆనాటి గేములతో చేసినవి.

అలాగని నాలుగు కోర్లే సర్వరక్షణ కాదు. ప్రాసెసరుకు తెలిసిన ఆదేశాల జాబితా కూడా ముఖ్యమే. ఎస్‌ఎస్‌ఇ 4.1 అనే ఆదేశాల సముదాయం తరువాత వచ్చిన కొన్ని గేములకు తప్పనిసరి అయింది. అది ఈ8400 కు ఉంది, క్యూ6600 కు లేదు.

నేడు కొత్త గేముల కోసం రెండు కోర్ల ప్రాసెసరును ఎవరూ కొనరు. పాత సామాను దుకాణాలలో చవకగా దొరికితే పాత గేములకు చాలు. సైబర్‌పంక్ 2077 గేముకు 2023లో సవరించిన అర్హతలలో నాలుగు కోర్ల కోర్ ఐ7-6700 కనిష్ఠ స్థాయికి దిగింది. సిఫారసు చేసినది పన్నెండు కోర్ల కోర్ ఐ7-12700. ఆ పన్నెండింటిలో ఎనిమిది అధిక వేగం గలవి, నాలుగు విద్యుత్తును పొదుపు చేసే చిన్న కోర్లు. 2008లో రెండు వేర్వేరు పెట్టెలలో అమ్మిన గుణాలు ఒకే పలకపైకి చేరాయి. ఏ పనిని ఏ కోర్‌కు ఇవ్వాలో, గేము నడుస్తూ ఉండగా ఆపరేటింగ్ సిస్టమ్ నిర్ణయిస్తుంది.