రెండో చిప్ప ఎక్కడ?

అమెరికాలోని అరిజోనాలో సాన్ మాన్యుయెల్ అనే రాగి గని ఉండేది. అక్కడి ఖనిజం ఒక చోటికి వచ్చేసరికి కత్తితో కోసినట్టు ఆగిపోయింది. భ్రంశం, అంటే నేల పగిలి ఒక పక్క జారిన చోటు, దాన్ని తెగ్గోసింది. 1960ల్లో డేవిడ్ లోవెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త రాగితోపాటు దాని చుట్టూ ఉన్న పనికిరాని రాయినీ శ్రద్ధగా చదివాడు.

అది వేడినీటిలో ఉడికిన రాయి.

కొన్ని కిలోమీటర్ల లోతున శిలాద్రవం గట్టిపడేటప్పుడు అందులోని నీరు విడిపోతుంది. వందల డిగ్రీల వేడిమీదున్న ఆ ఉప్పునీరు రాగిని, గంధకాన్ని మోసుకుంటూ పగుళ్లలోకి పాకుతుంది, తగిలిన రాయినల్లా మార్చేస్తుంది. నడిమధ్యన నల్లటి బయొటైట్ అభ్రకం, గులాబీ ఛాయ ఫెల్‌స్పార్ పుడతాయి. హైదరాబాద్ గుట్టల గ్రానైట్‌లోనూ ఈ రెండూ ఉన్నాయి కదా అనిపించవచ్చు. అక్కడివి రాయితోపాటే పుట్టినవి, ఇక్కడివి పాత ఖనిజాలను తినేసి వాటి చోట చేరినవి. ఈ తేడా పట్టుకోవడమే అసలు విద్య. ఆ నడిమి పొర వెలుపల పట్టులా మెరిసే తెల్లటి సెరిసైట్, పసిడి రంగు పైరైట్. ఇంకా బయటికి వెళ్తే ఆకుపచ్చటి క్లోరైట్, ఎపిడోట్. రాగి ఎక్కువగా మొదటి రెండు పొరల సరిహద్దులో పోగుపడుతుంది.

సాన్ మాన్యుయెల్‌లో ఈ పొరలు పూర్తిగా లేవు, సగం కొబ్బరి చిప్పలా ఉన్నాయి. ఒక చిప్ప ఇక్కడుంటే రెండోది ఎక్కడో ఉండాలి! నిక్షేపం మొత్తం పక్కకు ఒరిగిందనీ, తర్వాత భ్రంశం దాన్ని రెండుగా చీల్చి పై సగాన్ని కిందికి జార్చిందనీ లోవెల్ లెక్కగట్టాడు. జారిన దిక్కున బోర్లు వేయిస్తే వందల మీటర్ల లోతున రాగి తగిలింది. అదే కలమజూ నిక్షేపం. 1970లో ఆయన, మరో భూగర్భ శాస్త్రవేత్త జాన్ గిల్బర్ట్ కలిసి మరో 27 నిక్షేపాలతో పోల్చి ఈ పొరల నమూనాను ప్రచురించారు. రాగికంటే ఈ పొరలు ఎంతో విశాలంగా పరచుకుంటాయి. ఖనిజం కనిపించకపోయినా వాటి అంచు దొరికితే వెతుకులాటకు ఒక దిక్కు దొరికినట్టే.

1981లో చిలీలోని అటకామా ఎడారిలోనూ లోవెల్ బృందం ఇలాగే రాళ్లను చదివింది. పైనున్న రాతిలోని రాగిని ఏనాడో నీరు కడిగి కిందికి దింపేసింది. పైన మిగిలింది తుప్పు రంగు మరక. దాని కింద దొరికిన ఎస్కోండిడా నేడు ప్రపంచంలోకెల్లా పెద్ద రాగి గని.

మన మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్ రాగీ గ్రానైట్‌లోనే ఉంది, కానీ ఎంతో పురాతనం. అది సాన్ మాన్యుయెల్ కోవదే అని కొందరు, కాదని కొందరు వాదిస్తున్నారు. ఆ వాదనలో ఇరుపక్షాలూ మళ్లీ మళ్లీ పరీక్షించేది రాగి చుట్టూ మారిన ఆ రాతినే.