మీకు తెలుసా? నిలబడ్డ బండిలోనూ వేడి పుడుతుంది

టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ కారును ‘డి’లోనే ఉంచి బ్రేకు తొక్కి ఆపితే, ఆ కన్వర్టర్‌కు చేరే ఇంజన్ శక్తి మొత్తం వేడిగా మారుతుంది. చక్రం తిరగదు కదా, ఆ వేడిని గేర్‌బాక్స్ నూనే మోయాలి. రెండేళ్లకోసారి బచ్చన్నపేట వైపు నుంచి మేడారం జాతరకు వెళ్లే బండ్లు చీమలబారులా కదిలేటప్పుడు, చల్లార్చే ఎదురుగాలి కూడా ఉండదు. ఐడ్లింగ్‌లో పుట్టే వేడి కొద్దిదేగా అనవచ్చు, నిజమే. కానీ ఎత్తు మీద బ్రేకు వదిలి యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెడితే అది ఎన్నో రెట్లవుతుంది. మాటిమాటికీ న్యూట్రల్ వేస్తే లోపలి క్లచ్‌లు అరుగుతాయన్న అభ్యంతరమూ కొట్టిపారేసేది కాదు. అందుకే క్షణాల ఆగుడుకు బ్రేకు, నిమిషాల ఆగుడుకు న్యూట్రల్. మాన్యువల్ బండికి ఈ బాధ లేదనుకోకండి: హాఫ్ క్లచ్‌తో నెట్టుకొస్తే మాడేది క్లచ్ ప్లేటు.