ఉంగరాలు లెక్కపెడితే సరిపోతుందా?

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోన్‌లో చెప్పే ఫుట్‌బాల్ వేరు. అందులో బంతిని చేత్తో విసిరి ఆట నడిపించేది క్వార్టర్‌బ్యాక్. అతని గొప్పతనం తేల్చడానికి అభిమానులు ముందు చూసేది సూపర్ బౌల్ గెలిచినవాళ్లకిచ్చే ఉంగరాలే. టామ్ బ్రేడీకి 7, జో మోంటానాకు 4.

మరి డాన్ మరీనో? 1984 సీజన్‌లో 5,084 గజాలు విసిరి, 5 వేలు దాటిన మొదటి ఆటగాడయ్యాడు. కానీ ఒక్క ఉంగరమూ దక్కలేదు. 2000 సీజన్‌లో బాల్టిమోర్ రేవెన్స్ ముఖ్యంగా డిఫెన్స్ బలంతో గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ డిల్ఫర్‌కు ఉంగరం వచ్చింది, అయినా మరుసటి సీజన్‌కు జట్టు ఆయన్ని ఉంచుకోలేదు.

మైదానంలో ఆడేది 11 మంది. అందుకే ఎన్ని ఉంగరాలని అడిగినవాళ్లు, ఆ జట్టు డిఫెన్స్ ఎలాంటిదో కూడా అడగాలి.