సంగీతవిదుషియు అధ్యాపక పదవియు

మా యెఱుకలో నొక సంగీతవిదుషీమణి కలరు. పదునెనిమిదేండ్లు గురుముఖమున విద్య నేర్చిరి. ఎం.ఏ.యును, నెట్ పరీక్షయు నైనవి. నిరుడొక విశ్వవిద్యాలయమువారు అసిస్టెంటు ప్రొఫెసరు పదవికై ఆమెను ఇంటర్వ్యూకు పిలిచిరి. నెల దినములు కృతులు సాధకము చేసి వెళ్లిరి. అచ్చట పాడించినది రెండు నిమిషములే. పిమ్మట నొక సభ్యుడు, "మొదటి సంవత్సరమువారికి మోహనరాగము నెట్లు బోధింతురు?" అని యడుగగా, ఆమె మరల మోహనమునే పాడిరట! పదవి రాలేదు.

గురువునొద్ద పాడి చూపుటయే పాఠము గదా! మాటతో వివరించు నలవాటు మనకు తక్కువ. కాని నియమములు దానినే కోరుచున్నవి. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు 2018లో వెలువరించిన నిబంధనలలో సంప్రదాయ కళాకారులకై ప్రత్యేక మార్గమొకటి కలదు. ప్రసిద్ధ గురువునొద్ద శిక్షణయు, ఆకాశవాణిలోనో దూరదర్శనములోనో 'ఎ' శ్రేణియు మాత్రమే చాలవు. విషయమును సహేతుకముగా వివరించు శక్తియు, సోదాహరణముగా శాస్త్రము బోధించు పాండిత్యమును ఉండవలెనని యందు వ్రాసిరి. విశ్వవిద్యాలయ పదవులకు వెనుకటి మార్కులు పిలుపు వచ్చువఱకే. ఆపైన ఎంపిక ఇంటర్వ్యూనుబట్టియే యనియు నందే కలదు.

1919లో విజయనగర సంగీత కళాశాలలో శిష్యుడుగా చేరవచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు విని, ఆదిభట్ల నారాయణదాసుగారు వారిని అధ్యాపకునిగనే నిలిపిరని చెప్పుదురు. ఆ కాలము వేఱు. నేడు ఎంపిక సంఘమున విషయనిపుణులు ముగ్గురుందురు గాని, అధ్యక్షత వహించు ఉపకులపతిగారు రసాయనశాస్త్రజ్ఞులు కావచ్చును. వారికిని బోధపడునట్లు చెప్పవలెను.

కావున మా సోదరి యీ మారు ఒక్క పాఠము నెన్నుకొనిరి. మోహనములోని అయిదు స్వరములను కదల్పక, రిషభమును షడ్జముగా భావించి పాడిన మధ్యమావతియగును. గాంధారమును భావించిన హిందోళము. పంచమమును భావించిన శుద్ధసావేరి. ధైవతమును భావించిన శుద్ధధన్యాసి. దీనిని అయిదు నిమిషములలో వీణపై చూపుచు చెప్పుట సాధకము చేసిరి. శ్రోత యెవరనుకొన్నారు? సంగీతమన్న తెలియని అత్తగారు! "మెట్లు అవియే గదా, రాగమెట్లు మారినదమ్మా?" అని ఆమె నిలదీసిరి. కోడలు మూడు దినము లాలోచించి, "గదులు అవియే అత్తయ్యా, గుమ్మము మార్చితిమి" అనిరి. అత్తగారు తల యూపిరి.

ఆ శాఖవారి పాఠ్యప్రణాళికను ముందుగా తెప్పించి చదువుటయు, తమ పరిశోధనను నాలుగు వాక్యములలో చెప్ప నేర్చుటయు నవసరములు. చీర యెంపికకు నాలుగు దినములు వ్యయపఱచువారిని మేమెఱుగుదుము. ఆ దినములు పాఠ్యప్రణాళికకే యుపయోగించుట మేలు. "మీవారు ఈ యూరికి రాగలరా?" యని పురుషుల నడుగని ప్రశ్న మనల నడుగుట కలదు. అది న్యాయము కాదని మా యభిప్రాయము. అయినను ఇంటిలో ముందే మాటలాడుకొని యుండిన, "ఏర్పాటు చేసికొంటిమి" అని యొక్క మాటతో ముగించి, మరల పాఠమునకు రావచ్చును.

గత మాసమున రెండవ ఇంటర్వ్యూ జరిగినది. చరిత్రాచార్యులొకరు సరిగా అత్తగారి ప్రశ్ననే వేసిరట! ఫలిత మింకను తెలియలేదు. ఏమి సమాధానము చెప్పితివని అత్తగారు ఇప్పటికి నాలుగు మారులు చెప్పించుకొని వినిరి.