రిపోర్టులన్నీ నార్మల్.. మరి ఈ నొప్పులెందుకు?

ప్లాస్టిక్ కవరు నిండా రిపోర్టులతో ఆమె ఓపీలో నా ముందు కూర్చున్నారు. వయసు 46. ఏడాదిలో ఈసీజీ, టూడీ ఎకో, ఎండోస్కోపీ, తలకు స్కానింగ్ అన్నీ అయ్యాయి. ‘గుండె దడ, ఒళ్లంతా నొప్పులు, కడుపులో మంట. ఎక్కడికెళ్లినా ఏమీ లేదంటున్నారు. ఇంట్లోవాళ్లు నటిస్తున్నాననుకుంటున్నారు డాక్టరు గారూ’ అన్నారు. ఆ కవరులోని పాత చీటీల్లో రెండు నేను రాసినవే. రెండుసార్లూ గ్యాస్ మాత్ర, బలానికి విటమిన్ మాత్ర రాసి పంపించేశాను.

ఈసారి ‘రాత్రి నిద్ర ఎలా పడుతోందమ్మా?’ అని అడిగాను. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందట. అత్తగారు మంచానపడి రెండేళ్లు. కొడుకు చదువు కోసం దూరం వెళ్లాడు. ఇష్టంగా చూసే సీరియల్ పెట్టుకోవాలని కూడా అనిపించడం లేదట. ఆమెది కుంగుబాటు, అంటే డిప్రెషన్. రెండుసార్లు నా ముందుకొచ్చినా నేను గుర్తించలేదు.

నొప్పి నిజమే

మనసు సమస్య అనగానే నొప్పి ఉత్తదే అనుకుంటాం. అది పొరపాటు. పరీక్ష హాల్లోకి వెళ్లే ముందు కడుపులో తిప్పడం, చెడువార్త వినగానే కాళ్లు చల్లబడటం మీకూ అనుభవమే. ఆందోళన ఎక్కువైతే అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ గాడి తప్పుతుంది. పైగా మూడ్‌తో ముడిపడిన సెరటోనిన్, నారడ్రినలిన్ రసాయనాలకు నొప్పిని అదుపు చేసే వ్యవస్థలోనూ పాత్ర ఉంది. అందుకే కుంగుబాటులో చిన్న నొప్పీ పెద్దగా తెలుస్తుంది. ఈ మార్పులు ఎక్స్‌రేలోనో, స్కానింగ్‌లోనో కనిపించవు. ‘గుండె బరువెక్కింది’, ‘కడుపు తరుక్కుపోయింది’ అని మనం ఊరికే అనడం లేదు!

బాధగా ఉందని చెబితే ‘నీకేం తక్కువ?’ అనే ఇళ్లలో, నడుం నొప్పి అంటే కనీసం ఆస్పత్రికి తీసుకెళ్తారు. అందుకే చాలామంది ఒంటి బాధే చెబుతారు. కొందరికైతే లోపల దిగులుందన్న సంగతి వాళ్లకే తెలియదు.

ఎలా గుర్తించాలి?

రెండు వారాలకు పైగా, దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఇష్టమైన వాటిపై ఆసక్తి పోవడం ప్రధాన లక్షణాలు. వీటిలో ఒకటైనా ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి తేడా రావడం, విపరీతమైన నీరసం, ఏకాగ్రత కుదరకపోవడం, ‘నావల్ల ఎవరికీ ఉపయోగం లేదు’ అనిపించడం, చావు గురించిన ఆలోచనలు వంటివి కనిపిస్తుంటే వైద్యుడిని కలవాలి. మగవాళ్లలో ఇది చిరాకుగా, మద్యం పెరగడంగా బయటపడొచ్చు. టీనేజీ పిల్లల్లో కోపంగా, పెద్ద వయసువారిలో మతిమరుపుగా కనిపించొచ్చు.

అలాగని ప్రతిదీ మనసు మీదకు నెట్టకూడదు. రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం, బీ12 లోపంలోనూ నీరసం, నొప్పులు ఉంటాయి. ముందు వీటిని పరీక్షించాలి. కొత్తగా ఛాతీనొప్పి, చెమటలు, ఆయాసం వస్తే ‘టెన్షన్’ అని కొట్టేయకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. అవసరమైన పరీక్షలు అయ్యాక కూడా అవే స్కానింగులు మళ్లీ మళ్లీ చేయించుకోవద్దు.

మందులు అలవాటైపోతాయా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. కుంగుబాటుకు ఇప్పుడు ఎక్కువగా వాడే మందులు వ్యసనంగా మారవు. కానీ గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో కాస్త వికారంగా ఉండొచ్చు. చాలామంది సరిగ్గా అప్పుడే మానేస్తారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించాలి. అలవాటయ్యే ప్రమాదం ఉన్నవి, మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కునే అల్ప్రజోలమ్ లాంటి మాత్రలు. సమస్య తీవ్రంగా లేకపోతే కౌన్సెలింగ్‌తోనే మెరుగుపడొచ్చు. రోజూ అరగంట నడక, వేళకు నిద్ర చికిత్సకు బాగా తోడ్పడతాయి.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

‘ధైర్యంగా ఉండు’ అనకండి. ఆ ధైర్యమే లేకపోవడం ఈ జబ్బు లక్షణం. ‘రేపు ఆస్పత్రికి నేనూ వస్తాను’ అనండి. ఇంట్లో వారి మీద పడ్డ పనిలో కొంత మీరు తీసుకోండి. చనిపోవాలనిపిస్తోందా అని అడగడానికి భయపడకండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. లోపల అది ఉంటే చెప్పుకొనే దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆరోగ్య బీమా శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ వర్తించాలి.

ఆమెకు ఆరు వారాలకు నిద్ర సర్దుకుంది, దడ తగ్గింది. వారంలో రెండు రోజులు అత్తగారి పనులు ఆడపడుచు చూస్తున్నారు. మోకాలి నొప్పి మాత్రం అలాగే ఉంది, దానికి వేరే చికిత్స చేస్తున్నాం.

మీ ఇంట్లో ఎవరికైనా ‘అన్నీ నార్మల్’ అని చెప్పి పంపితే, ఊపిరి పీల్చుకొని అక్కడితో ఆగిపోకండి. నిద్ర ఎలా పడుతోందో, ఈమధ్య దేనిమీదైనా మనసు పోతోందో అడగండి. వచ్చిన జవాబును డాక్టరుకు తప్పక చెప్పండి. మేం అడగడం మరచిపోయినా సరే!