ఆ పుర్రె ఎవరిది?

సెలవు రోజున పిల్లాపాపలతో తలకోనకో, అహోబిలానికో వెళ్లారు. దారి పక్కన ఆకుల మధ్య తెల్లగా ఏదో కనిపించింది. ‘నాన్నా, పులి పుర్రె!’ అంటూ చిన్నోడు గంతేశాడు. చాలాసార్లు అది మేతకొచ్చిన ఏ మేకదో, ఆవుదో అయ్యుంటుంది. అలాగని వాణ్ని నిరుత్సాహపరచక్కర్లేదు. ఎవరిదో తేల్చడంలోనే ఉంది అసలు సరదా!

ముందు పళ్లు చూడాలి. పైదవడకు ముందు పళ్లే లేవా? రాలిపోయాయనుకోవద్దు. ఆవు, గేదె, మేక, జింక, కణుజు... నెమరువేసే వీటికి అక్కడ అసలు పళ్లే మొలవవు. గట్టి చిగుళ్లతోనే పని కానిచ్చేస్తాయి. మరి జింకా, మేకా? కొమ్ములుంటే తేలికే. జింక కొమ్ము మొత్తం ఎముకే, కొమ్మల్లా చీలుతుంది, ఊడి మళ్లీ మొలుస్తుంది. మేకకైతే ఎముక మొన మీద తొడుగు ఉంటుంది. కొన్నాళ్లకు తొడుగు ఊడి మొనే మిగులుతుంది. ఆడజింకకు కొమ్ములే ఉండవుగా! అప్పుడు కంటిగూడు ముందు, ముక్కు పక్కన చూడాలి. పెద్ద సందు ఉంటే జింక. మేకకు అక్కడ దాదాపు మూసుకుపోయి ఉంటుంది.

కోరలున్నంత మాత్రాన వేటజంతువు అనేయలేం. అడవిపందికీ పైకి తిరిగిన కోరలుంటాయి, పళ్లు 44. కుక్కకూ నక్కకూ 42, మూతి సాగి ఉంటుంది. రేచుకుక్కకు 40 మాత్రమే: కింది దవడలో రెండువైపులా ఒక్కో దంతం తక్కువ. పిల్లికి 30, మొహం గుండ్రం. కళ్లు ముందుకుంటే వేటాడేది, పక్కలకుంటే పారిపోయేది అంటారు. కొండముచ్చు దగ్గర ఆ లెక్క తప్పుతుంది. తినేది ఆకులు, కళ్లు మాత్రం ముందుకే. పళ్లు కూడా మనలాగే 32. పసిపిల్లల పుర్రె అనుకుని హడలిపోయినా ఆశ్చర్యం లేదు. ముందుకొచ్చిన మూతి, మగదానికైతే పొడవాటి కోరలు తేడా చెప్పేస్తాయి. అప్పటికీ అనుమానం తీరకపోతే తాకకుండా పోలీసులకు చెప్పాల్సిందే.

నారింజ రంగు ఉలిపళ్లుంటే ఎలుక వంశం. అరచేతిని మించి ఉంటే ముళ్లపంది. దీనికో అలవాటుంది. ఖనిజాల కోసం ఎముకల్నీ, ఊడిన జింక కొమ్ముల్నీ కొరుకుతుంది. ఉలితో గీసినట్టు వరసగా గాట్లున్నాయంటే అది దాని పనే కావచ్చు.

ఇంతకీ ఆ పుర్రెను ఇంటికి తెచ్చుకోవచ్చా? కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చనిపోయిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. పుర్రె, పన్ను, ఆఖరికి దానంతటదే ఊడిన కొమ్ము కూడా అంతే. చేతికొస్తే 48 గంటల్లో అటవీ అధికారులకో, పోలీసులకో తెలపాలి. ముచ్చటపడి షోకేసులో పెడితే కేసు మెడకు చుట్టుకోవచ్చు. పైగా ఆంత్రాక్స్‌తో చచ్చిన పశువు ఎముకల్లో ఆ సూక్ష్మజీవి ఏళ్లతరబడి ఉండగలదు. కాబట్టి చేయి పెట్టకండి, పుల్లతో తిప్పండి. పక్కన పది రూపాయల బిళ్ల పెడితే కొలత దొరుకుతుంది, దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. పైనుంచి, పక్కనుంచి, పళ్లు కనిపించేలా ఫొటోలు తీసుకోండి. పళ్లు లెక్కపెట్టే పని మాత్రం చిన్నోడిదే!