బడి గోడ మీద నెలవంక



ఈ ఏడు చందాల కోసం మూలపేట, నౌపడ, టెక్కలి, పలాస వైపు తిరిగినప్పుడు మా ముందుకు ఎక్కువగా వచ్చిన ప్రశ్న స్కాలర్‌షిప్పుల గురించి కాదు. "బళ్లో వినాయక చవితికి బొమ్మ పెడుతున్నారు, క్రిస్మస్‌కు నక్షత్రం కడుతున్నారు. రంజాన్‌కు మన నెలవంక ఎందుకు ఉండకూడదు? ఆ ఖర్చేదో సంఘమే పెట్టుకోవచ్చు కదా?" అని అడిగారు. అడిగినవాళ్లు మన దాతలే కనుక జవాబు ఇక్కడ రాస్తున్నాం.

ముందు చట్టం సంగతి. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే బడిలో అయితే మతబోధకు గానీ ఆరాధనకు గానీ ఎవరినీ బలవంతంగా కూర్చోబెట్టకూడదు. మైనరు పిల్లలకైతే పెద్దల సమ్మతి కావాలి. గోడ మీది బొమ్మల గురించి ఆ అధికరణలో ఒక్క మాట లేదు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు మతాల గురించి చెప్పడం వేరు, మతాన్ని బోధించడం వేరు అని తేల్చింది. నెలవంక బొమ్మ చూపి ఈ పండుగ ఏమిటో చెబితే అది చదువు. ఏ బొమ్మ ముందైనా చేతులు జోడించమంటే అది ఆరాధన. ఈ గీత మన గుర్తుకూ ఇతరుల గుర్తుకూ ఒకటే.

ఇతర దేశాల్లోనూ ఈ తగాదా ఉంది. న్యూయార్క్ నగరంలోని ప్రభుత్వ బడుల్లో పండుగల రోజుల్లో క్రిస్మస్ చెట్టు, యూదుల మెనోరా దీపపు సెమ్మె, మన నక్షత్రం-నెలవంక పెట్టుకోనిచ్చారు. యేసు పుట్టుక బొమ్మల కొలువు మాత్రం వద్దన్నారు. ఒక కాథలిక్ తల్లి కోర్టుకు వెళ్లింది. 2006లో అప్పీలు కోర్టు బడుల పక్షాన్నే తీర్పు చెప్పింది. ఇది మనకు గెలుపులా కనిపిస్తుంది గానీ, మన గుర్తును ఎందుకు రానిచ్చారో చూడండి. దాన్ని మతపు గుర్తుగా కాక, పండుగ అలంకారంగా లెక్కగట్టారు. ఆ తల్లి బాధ మాకు అర్థమవుతుంది.

ఇటలీ బడుల్లో గోడ మీది శిలువ ఎవరికీ ఏమీ బోధించదు, ఉంటే తప్పులేదు అని 2011లో యూరప్ మానవ హక్కుల కోర్టు అంది. అంతకుముందు 1995లో జర్మనీ రాజ్యాంగ కోర్టు బవేరియా బడుల విషయంలో ఇందుకు ఎదురు చెప్పింది.

ఇక మన దీన్ సంగతి. నెలవంక మనకు పూజ్యవస్తువు కాదు. అల్ బఖరా సూరా 189వ ఆయత్ నెలవంకలను ప్రజలకు కాలాన్నీ హజ్‌నూ తెలిపే గుర్తులంటుంది. జెండాల మీదికి అది బాగా పాకింది ఉస్మానియా తుర్కుల వల్ల. చంద్రుడి ఏడాదికి 354 రోజులు, సూర్యుడి ఏడాదికన్నా దాదాపు 11 తక్కువ. అందుకే రంజాన్ ఏటా ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్లలో అన్ని రుతువులూ తిరిగి వస్తుంది. ఉగాదిదీ చంద్రుడి లెక్కే అయినా అధికమాసం కలుపుకుంటారు, అందుకే వేసవి మొదట్లోనే నిలబడుతుంది. ఇది ఏ టీచరైనా లెక్కల పీరియడ్లో చెప్పవచ్చు. భావనపాడు తీరాన వేటకు వెళ్లేవాళ్ల పిల్లలకు అమావాస్య పోటు, పౌర్ణమి పోటు ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్లకు ఇంకా తొందరగా ఎక్కుతుంది.

డబ్బు విషయానికి వద్దాం. జకాత్ ఎవరికి చెందాలో తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. తరగతి గది అలంకారం అందులో లేదు. సదఖా సొమ్ముతో చేయవచ్చు కదా అంటారేమో. చేయవచ్చు. కానీ ఈ తీరంలో మనవాళ్లు బహు కొద్దిమంది. తరగతిలో మన పిల్ల ఒక్కతే ఉన్నచోట గోడ మీద నెలవంక ఉందా లేదా అన్నది చిన్న మాట. సరస్వతీ పూజ రోజు ఆ పిల్ల పక్కకు నిలబడితే ఎవరూ గద్దించకపోవడం పెద్ద మాట. పోటీకి బొమ్మ పెట్టిస్తే దాని బరువు మోసేది ఆ పిల్లే, మనం కాదు.

ఇలా నిలబడే హక్కు కొత్తదేమీ కాదు. కేరళలో ముగ్గురు క్రైస్తవ పిల్లలు జాతీయగీతం వేళ గౌరవంగా లేచి నిలబడ్డారు గానీ తమ విశ్వాసం వల్ల పాడలేదు. బడి నుంచి తీసేశారు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది.

కాబట్టి బడి అలంకారాలకు సంఘం నిధులు ఇవ్వకూడదని కమిటీ నిర్ణయించింది. ఫీజులు, పుస్తకాలు, ఆటో చార్జీలకు ఇచ్చేది ఎప్పటిలాగే సాగుతుంది ఇన్షా అల్లాహ్. పండుగ మర్నాడు తరగతికంతా ఒక క్యాను షీర్ ఖుర్మా పంపే తల్లులు ఉన్నారు. దానికి మా తీర్మానం అక్కర్లేదు, టీచరమ్మను ముందుగా అడిగితే చాలు.

తమ పిల్లలు ఆరాధనలో పాల్గొనడానికి సమ్మతి లేదని హెడ్మాస్టరుకు ఇచ్చే ఉత్తరం నమూనా తెలుగులో తయారుచేసి ఆఫీసులో ఉంచాం. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద బడి సంతకం, తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోండి. రాయడం రానివారు శుక్రవారం నమాజు తర్వాత వస్తే మావాళ్లు రాసిపెడతారు.